తమ్ముడు చెప్పిన సాక్ష్యం

నకిరేకల్,
3 సెప్టెంబరు 1961

తమ్ముడు ఇస్రాయేలుకు, మరదలు బిక్షమ్మకు, నందికొండ ఆనకట్ట పని మీద ఉన్న మన కూలి గుడిసెల లైను వాళ్లందరికీ అక్క పుష్పమ్మ వందనాలు. అందరికీ అని ఎందుకు రాశానంటే, నా ఉత్తరం నీ చేతికి వచ్చిందంటే ఆ సాయంత్రమే ప్రార్థనలో నిలబడి గొంతెత్తి చదువుతావని నాకు తెలుసు. చిన్నప్పుడు పద్యం అప్పజెప్పమంటే మాత్రం గొడ్ల కొట్టంలో దాక్కునేవాడివి.

పట్నం దవాఖాన నుంచి మొన్ననే ఇంటికి చేరాను. నువ్వు తోడు వస్తానన్నావు, మేస్త్రీలకు సెలవు ఇవ్వడం లేదన్నావు, సరే. ఒక్కదాన్నే పోయాను, ఒక్కదాన్నే వచ్చాను. సత్రంలో ఉండి రోజూ పోయి కరెంటు పెట్టించుకున్నాను. కరెంటు అంటే దీపాల కరెంటు కాదు. బల్ల మీద పడుకోబెట్టి, పైన పెద్ద యంత్రం పెట్టి, వాళ్లంతా బయటికి పోయి తలుపు వేసుకుంటారు. నొప్పి తెలియదు. లోపల ఒక్కదాన్నే పడుకుని నాకు వచ్చిన కీర్తనలన్నీ చెప్పుకున్నాను, అవి అయిపోతే ఎక్కాలు చెప్పుకున్నాను. బడిపంతులమ్మను కదా, ఇంకేం చెప్పుకుంటాను. కొన్నాళ్లకు తోలు కమిలి నల్లబడింది, తర్వాత పుండు ఆరిపోయింది. ఇప్పుడు రసి లేదు, రక్తం లేదు. రాత్రిళ్లు నిద్ర పడుతోంది.

డాక్టరు మంచివాడు. "ఇక మీ ఊరికి పో, బడికి పో, పిల్లలకు చదువు చెప్పుకో, నోటికి రుచించింది తిను" అన్నాడు. ఇంకా కొన్ని సంగతులు కూడా చెప్పాడు. అవి పదిమందిలో చదివేవి కావు. నువ్వు వచ్చినప్పుడు చెప్తాను.

బిక్షమ్మ కాళ్ల వాపు ఎలా ఉంది? ఎండలో తట్టలు మోయవద్దను. ఇద్దరూ ఒకసారి వచ్చి పోండి.

మీ మేలు కోరే
పుష్పమ్మ


నందికొండ,
12 సెప్టెంబరు 1961

అక్కా, అక్కా, అక్కా! ముందు మూడుసార్లు పిలవనియ్యి, తర్వాత వందనాలు.

నీ ఉత్తరం లైను ప్రార్థనలో చదివాను. "పుండు ఆరిపోయింది" అన్నచోటే మళ్లీ మళ్లీ చదివాను. బిక్షమ్మ ఉత్తరం గుంజుకుని తాను చదువుతానంది. దానికి అక్షరం ముక్క రాదు గదా, తలకిందులుగా పట్టుకుని ఏడ్చింది. లైనంతా లేచి నిలబడి స్తోత్రం అన్నారు. రాళ్లు కొట్టే కొత్త ముఠా వాళ్లు, మన దేవుడి పేరే తెలియని వాళ్లు కూడా వచ్చి వెనక నిలబడ్డారు.

కరెంటు సంగతి మాత్రం చదవలేదు. మొన్న ఎండాకాలం కట్ట మీద తీగ తగిలి ఒకడు పోయాడు. కరెంటు అన్నానంటే వీళ్లకు వాడే గుర్తుకొస్తాడు. అది దాటేసి చదివాను. ఏమీ తేడా రాలేదు, ఉత్తరం చక్కగానే అతుక్కుంది.

అక్కా, నీతో పట్నం రాలేదన్న సిగ్గు నన్ను తినేస్తోంది. బావ పోయాక నీకు ఉన్నది నేనొక్కణ్ణే. ఆ ఒక్కడూ సున్నం, రాయి, గోడ అంటూ ఇక్కడే ఉండిపోయాడు. ఆ సిగ్గు ఎలా తీర్చుకోవాలో ఇప్పుడు తెలిసింది. కోతపండుగకు లారీ మాట్లాడి మా లైనంతా నకిరేకల్ వస్తున్నాం. మీ సంఘం ముందు నిలబడి, దేవుడు నీకు చేసిన మేలు నేనే నా నోటితో సాక్ష్యం చెప్తాను. వద్దనకు. నువ్వు వద్దన్నా నేను ఆగను, నీకు తెలుసు.

బిక్షమ్మ కాళ్లు నిమ్మళం.

నీ తమ్ముడు
ఇస్రాయేలు


నకిరేకల్,
22 నవంబరు 1961

ఇస్రాయేలూ,

ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించకు. బిక్షమ్మకు కూడా ఇప్పుడే వద్దు. చదివి మడిచి జేబులో పెట్టుకో.

నీ మీద నాకు కోపంగా ఉంది. నువ్వు లారీ దిగింది నేల మీద కాదు, నా నెత్తి మీద. డప్పులేమిటి, ఆ పాటలేమిటి, జొన్న కంకుల కట్ట నెత్తిన పెట్టుకుని గుళ్లోకి రావడమేమిటి! పెళ్లికొడుకువైనప్పుడు కూడా అంత ఆర్భాటంగా రాలేదు. సంఘం ముందు నిలబడి ఏమన్నావు? "మా అక్కకు రాచపుండు ఉండె. గిప్పుడు లేదు. డాక్టర్లు చేతులెత్తేసిండ్రు, దేవుడు చేయి వట్టిండు." డాక్టర్లు ఎప్పుడు చేతులెత్తారురా? పొద్దున్నే లేచి నాకు కరెంటు పెట్టింది ఎవరు, పుండు తుడిచింది ఎవరు?

నేను తల వంచుకుని కూర్చున్నాను. పాస్టరు అయ్యగారు లేచి "అవునా తల్లీ?" అని నన్నే అడిగారు. నా తల ఊగింది. ఎందుకు ఊగిందో నాకే తెలియదు. తర్వాత ఆడవాళ్లు వరుసగా వచ్చి నా కొంగు ముట్టుకుని కళ్లకద్దుకున్నారు. నేల చీలితే పోదామనిపించింది. గుడి వెనక నీకు చెప్పబోయాను, ఏడుపు వచ్చింది. నువ్వు "సంతోషం గింత ఎక్కువైతే ఎట్లనే అక్కా" అని నవ్వి లారీ ఎక్కేశావు.

సరే, రాస్తాను. నా జబ్బు రొమ్ములో. పెళ్లి కాకముందు నుంచీ పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నాను, ఈ మాట ఎప్పుడూ రాయలేదు. నా ఉత్తరాలు లైనంతా వింటుందని అప్పుడు రాయలేకపోయాను. రేగుపండంత ఉన్నప్పుడే చేతికి తగిలింది. విధవరాలిని, టీచరమ్మను, పోయి మగ డాక్టరుకు ఎలా చూపిస్తానని దాచుకున్నాను. పగిలి పుండయ్యాక గానీ గడప దాటలేదు. డాక్టరు ఎముకల ఫోటో తీసి చూపించి అన్న మాటలు ఇవి: "అమ్మా, ఈ కరెంటు పైన ఉన్న పుండును మాన్పడానికి, నీకు నొప్పి తగ్గడానికి. జబ్బు వెన్నులోకి దిగింది. దాన్ని తీసేయడం మా చేతుల్లో లేదు. కొన్నాళ్లు సుఖంగా ఉంటావు. ఎన్నాళ్లంటే గట్టిగా చెప్పలేను. ఏడాది అనుకో, ఎక్కువ కావచ్చు, తక్కువా కావచ్చు."

నాకు బాగు కాలేదు తమ్మీ. అది తెలిసి కూడా తల ఊపాను. నువ్వు అయ్యగారికి ఒక ఉత్తరం రాయి, పొరపాటు పడ్డానని. నీ నోట వచ్చిన మాట నీ చేతితోనే దిద్దితే బాగుంటుంది.

పుష్పమ్మ


నందికొండ,
30 నవంబరు 1961

ప్రియమైన అక్కకు, కోపంలో ఉన్నా నా అక్కే కాబట్టి, ఎప్పటిలాగే వందనాలు.

నీ ఉత్తరం ఎవరికీ చదవలేదు. నేను మాత్రం చాలాసార్లు చదివాను. ఒక్కటి చెప్తాను, తిట్టకుండా విను. డాక్టర్లు అలాగే అంటారక్కా. రేపు ఏదైనా జరిగితే తమ మీద మాట రాకుండా ముందే ఒక కర్ర అడ్డం పెట్టుకుంటారు. మా ఓవర్సీరు కూడా అంతే, గోడ ఎంత గట్టిగా లేచినా "చూద్దాం" అంటాడు గానీ బాగుందని అనడు. పుండు ఆరింది, నిద్ర పడుతోంది, బడికి పోతున్నావు. ఇంకేం కావాలి? ఉన్నదాన్ని ఉన్నదని ఒప్పుకోవడానికి కూడా ధైర్యం కావాలి. నువ్వు చిన్నప్పటి నుంచీ ఇంతే, పండుగ నాడు కూడా రేపటి కూర గురించి ఫికర్ చేసేదానివి.

అయ్యగారికి రాయమన్నావు. ఎలా రాయను? ఆ సాక్ష్యం విన్నాక మా లైను వాళ్లు నన్ను సంఘ పెద్దను చేశారు. ప్రార్థన నేనే నడిపిస్తున్నాను. రాళ్లు కొట్టే ముఠాలో నాలుగు ఇళ్లవాళ్లు కొత్తగా వస్తున్నారు.

ఇంకో మంచి ముచ్చట. బిక్షమ్మ చిన్నమ్మ నాగులమ్మ తెలుసు గదా, చౌటుప్పల్ దగ్గర కూలి చేసుకుంటుంది. ఆమెకూ నీకున్న చోటే గడ్డ లేచిందట. పట్నం దవాఖానకు పోతానని మూట కట్టుకుని, ముందు బిక్షమ్మకు చెప్పిపోదామని ఇక్కడికి వచ్చింది. నీ ఉత్తరం అందిన మర్నాడే. నేనే ఆపాను. "కత్తికి తర్వాత పోవచ్చు, ముందు మా అక్క కాడికి పో, ఆమె చేయి వెట్టి ప్రార్థన చేస్తది" అన్నాను. ఎంత సంతోషపడిందో! ఈ వారంలో నీ దగ్గరికి వస్తుంది. మంచి మనిషి, నోరు కొంచెం ఎక్కువ, అంతే.

ఇస్రాయేలు


నకిరేకల్,
14 డిసెంబరు 1961

తమ్మీ,

నాగులమ్మ వచ్చింది. వచ్చి నా ఇంట్లోనే ఉంది. మంచి మనిషి అన్నావు, నిజమే. నోరు కొంచెం ఎక్కువ అన్నావు, అది తక్కువ చేసి చెప్పావు. వచ్చిన పూటే నా పప్పు నోట్లో పెట్టుకుని "టీచరమ్మా, ఉప్పు దేవునికి అర్పించినవా?" అంది. నా చేతిలో గంటె లాక్కుంది, మళ్లీ ఇవ్వలేదు. ఇల్లు అలికింది, పొయ్యి దిద్దింది, గోడకున్న బూజు తీసింది. బావ పోయాక ఈ ఇంట్లో ఇంత నవ్వు వినలేదు. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆమె ఎవరో తెలియని మనిషి కాదు ఇప్పుడు.

ఆమె గడ్డ నాకు చూపించింది. చింతగింజంత ఉంది. పైన తోలు శుభ్రంగా ఉంది. కదిలిస్తే కదులుతోంది. ఇస్రాయేలూ, నాకు మొదట తగిలింది ఇంతకంటే పెద్దది. ఇప్పుడు పోతే ఈమెకు దారి ఉంది.

పొమ్మన్నాను. "మైసమ్మకు మొక్కిన, కాలేదు. గిప్పుడు నీ దేవునికి మొక్కుత. నీకు చేసినోడు నాకు చెయ్యడా?" అంది. నేను పట్నం పోయాను, కరెంటు పెట్టించుకున్నాను అన్నాను. నా మొహంలోకి చూసి నవ్వింది. "మీ తమ్ముడు గా ముచ్చట చెప్పలేదు. నా నమ్మకం ఎంతనో పరీక్ష వెట్టి చూస్తున్నవు గదా! నేను గట్టిదాన్ని, కదలను" అంది. నువ్వు దాటేసి చదివిన ఒక్క ముక్క ఎంత పని చేసిందో చూడు.

రైక విప్పి చూపిస్తే నమ్మేది. చూపించలేకపోయాను. ఆమె తనది ఏ జంకూ లేకుండా చూపించింది. నేను నాది మూసుకుని కూర్చున్నాను. సిగ్గు పడీ పడీ ఇంతదూరం తెచ్చుకున్నదాన్ని, ఇంకా సిగ్గే పడుతున్నాను.

ఇంకొకటి. వెన్నులో నొప్పి మొదలైంది. నల్లబల్ల మీద పై వరుస రాయడానికి చేయి ఎత్తలేకపోతున్నాను. కింది సగంలోనే రాస్తున్నాను, పిల్లలు అడిగితే చిన్నవాళ్లకు కనపడాలని అన్నాను. మచ్చ పక్కన కొత్త ముడులు కూడా చేతికి తగులుతున్నాయి. డాక్టరు చెప్పినట్టే జరుగుతోంది. ఆయన ఏ కర్రా అడ్డం పెట్టుకోలేదు.

నిన్ను అయ్యగారికి రాయమనను. సంఘానికి రాయమనను. నాగులమ్మకు ఒక్క ముక్క రాయి. "అక్క కరెంటు పెట్టించుకుంది, నువ్వు దవాఖానకు పో" అని. నీ మాట మీద వచ్చింది, నీ మాట మీదే పోతుంది. నేను చదివి వినిపిస్తాను.

నీ అక్క


నందికొండ,
23 డిసెంబరు 1961

అక్కకు,

క్రిస్మసు పనుల్లో ఉన్నాను. ఎక్కువ రాయలేను.

నువ్వు అడిగింది నా వల్ల కాదు. ఆ ముక్క నాగులమ్మ దగ్గర ఆగదు. బిక్షమ్మకు తెలుస్తుంది, బిక్షమ్మ నుంచి లైనంతా తెలుస్తుంది. రేపు ప్రార్థనకు నిలబడితే నన్ను ఏ కళ్లతో చూస్తారు? తెలియక చెప్పాడంటారా, పేరు కోసం చెప్పాడంటారా? పండుగ పోనియ్యి, తర్వాత నెమ్మదిగా చూద్దాం. గడ్డ ఎక్కడికీ పోదు గదా.

వెన్ను నొప్పి ఆ బడి కుర్చీ వల్ల. దాని కాలు ఒకటి పొట్టి. నూనె మర్దన చేయించుకో.

ఇస్రాయేలు


నకిరేకల్,
9 జనవరి 1962

ఇస్రాయేలుకు,

గడ్డ ఎక్కడికీ పోదు అని రాశావు. అది పోయేది లోపలికేరా. నా ఒంట్లో అలాగే పోయింది.

ఇక నీ కోసం ఆగలేదు. కొత్త సంవత్సరం మొదటి ఆదివారం, సాక్ష్యాల వేళకు లేచి నిలబడ్డాను. అయ్యగారు సంతోషంగా "చెప్పు తల్లీ" అన్నారు. మగవాళ్లను బయటికి పొమ్మన్నాను. గుళ్లో అలాంటి మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయ్యగారు నా మొహం చూశారు, ఏమనుకున్నారో, తానే ముందు లేచి బయటికి పోయి తలుపు దగ్గరికి వేశారు. ఆ మంచితనానికి ఆయనను జీవితంలో మరచిపోను.

అప్పుడు రైక విప్పాను. కిటికీ లోంచి ఎండ నేరుగా నా మీద పడుతోంది. "చూడుండ్రి" అన్నాను. "నాకు బాగు కాలేదు. పట్నం దవాఖానల కరెంటు వెట్టిండ్రు, గందుకే పుండు ఆరింది. లోపటిది లోపటనే ఉన్నది, మళ్ల లేస్తున్నది. సిగ్గువడి దాచిన, గందుకే గింత దూరం వచ్చింది. మీల ఎవ్వరికన్న గడ్డ ఉంటే దాచుకోకుండ్రి, దవాఖానకు పోండ్రి. ప్రార్థన నేను చేస్త, బస్సుల కూసోని చేద్దాం." బడిలో మాట్లాడే భాష నోటికి రాలేదు. మన అమ్మ మాట్లాడినట్టు మాట్లాడాను.

కొందరు కొంగు నోట్లో కుక్కుకున్నారు, కొందరు గోడ వైపు తిరిగారు. ఆ రోజు నా కొంగు కళ్లకద్దుకున్నవాళ్లే. నాగులమ్మ మాత్రం లేచి దగ్గరికి వచ్చింది. మచ్చను చూసింది, ముడులను చూసింది, నన్ను చూసింది. "నీ పక్కల పండుకున్న గదనే పుష్పమ్మా. నీ చేత్తోని తల దువ్వించుకున్న. గిన్ని దినాలు నోరెట్ల మూసుకున్నవు?" అంది. తలుపు తీసుకుని వెళ్లిపోయింది. మూట కూడా తీసుకోలేదు. నేను అలాగే నిలబడి ఉంటే సంఘంలో అందరికంటే పెద్దది జంగమ్మ వచ్చి నా రైక ముడి వేసింది.

నాగులమ్మ ఇంటికి రాలేదు. రోడ్డు మీద చౌటుప్పల్ వైపు నడిచి పోతుంటే చూశామన్నారు. ఎక్కడుందో, దవాఖానకు పోయిందో, కోపంతో ఊళ్లోనే కూర్చుందో తెలియదు. ఆమె కూర్చుంటే ఆ పాపం నీదీ నాదీ. బిక్షమ్మను అడిగి కనుక్కో. ఇంతకంటే నిన్ను ఏమీ అడగను.

నీ పేరు నేను ఎత్తలేదు. నా సంగతే చెప్పాను. కానీ అందరికీ తెలుస్తుంది తమ్మీ, అది నేను ఆపలేను.

పుష్పమ్మ


నకిరేకల్,
30 జనవరి 1962

తమ్ముడికి,

జవాబు లేదు. కోపమైతే కోపమనే రాయి. తిట్టాలనుంటే తిట్టు. నాగులమ్మ సంగతి ఒక్కటి మాత్రం రాయి.

బడి మానేశాను. పెద్ద పంతులు వద్దన్నాడని కాదు, నేనే కూర్చోలేకపోయాను. జంగమ్మ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి గంజి కాచి పోతోంది. మిగతావాళ్లు వాకిలి ముందు నుంచి పోయేటప్పుడు అడుగు వేగం చేస్తారు. వాళ్లను అనడానికి లేదు. నన్ను చూస్తే ఏం మాట్లాడాలో వాళ్లకూ తెలియదు.

అక్క


నందికొండ,
18 ఫిబ్రవరి 1962

అక్కా,

వందనాలు రాయడానికి కూడా చేయి ఆడటం లేదు. నేరుగా సంగతి రాస్తాను.

నాగులమ్మకు ఆపరేషను అయింది. గడ్డ తీశారు, చంకలో బిళ్లలు కూడా తీశారు. డాక్టరు "ఇప్పుడే మాట ఇవ్వలేను, కొన్నేళ్లు చూస్తూ ఉండాలి, కానీ వేళకు తెచ్చారు" అన్నాడు. మా ఓవర్సీరు లాంటి మాటే. ఈసారి నాకు అదే తియ్యగా వినపడింది.

నీ జనవరి ఉత్తరం చదివి రెండు పూటలు పనికి పోలేదు. తర్వాత బిక్షమ్మను తీసుకుని చౌటుప్పల్ పోయాను. ఆముదం చేలో ఉంది. నన్ను చూసి చేతిలో కొడవలి కింద పెట్టలేదు. "ఏమయ్యా పెద్దమనిషీ, గిప్పుడేం సాక్ష్యం చెప్ప వచ్చినవు?" అంది. చేలో అందరూ వింటున్నారు. "నిన్ను ఆపిన నాటికి మా అక్క ఉత్తరం నాకు అందింది. బాగు కాలేదని రాసింది. నేను నమ్మదల్చుకోలే. నన్ను ఎంతన్న తిట్టు, దవాఖానకు మాత్రం నడువు" అన్నాను. తిట్టింది. చేలో తిట్టింది, ఇంటికి పోయేదాక తిట్టింది, బస్సులో కూడా తిట్టింది. కండక్టరు నా మీద జాలిపడి ముందు సీటుకు రమ్మన్నాడు. నేను పోలేదు.

దవాఖానలో నువ్వు పడుకున్న గది చూశాను. ఆ తలుపు ఎంత మందమో నువ్వు రాయలేదు.

నీ డాక్టరును కలిశాను. పేరు చెప్పగానే గుర్తుపట్టాడు. వెన్నుకు కొంచెం కరెంటు పెడితే నొప్పి తగ్గుతుందట. నా మొహం చూసి "బాగు చేయడానికి కాదు, నొప్పికి" అని మళ్లీ చెప్పాడు. నొప్పి వచ్చాక మందు వేయడం కాదట, నొప్పి లేకపోయినా వేళకు వేస్తూ పోవాలట. పుండు మళ్లీ తెరుచుకోవచ్చట, ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్లతో కడిగి మెత్తని గుడ్డ కట్టాలట. ఎలా కట్టాలో అక్కడి నర్సమ్మ బిక్షమ్మకు చూపించింది. నేను అడిగాను, ఇదంతా మా అక్కకు ఎలా చెప్పాలి సారూ అని. "ఆమెకు తెలియనిది ఏమీ లేదు. ఒక్కతే కూర్చుని అన్నీ అడిగి తెలుసుకుంది. తెలియాల్సింది మీకే. ఆమెను ఒంటరిగా ఉంచకండి" అన్నాడు. నేను అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను అక్కా. గోడలు కట్టేవాణ్ణి, గోడ లేకపోతే ఆ రోజు పడిపోయేవాణ్ణి.

లైను ప్రార్థనలో లేచి, నేను చెప్పింది నిజం కాదని చెప్పి, పెద్దరికం వదులుకున్నాను. కొందరు ప్రార్థనకు రావడం మానేశారు. రాళ్లు కొట్టే ముఠాలోని ఒకామె బిక్షమ్మను పక్కకు పిలిచి, తనకూ గడ్డ ఉందని చెప్పింది. వచ్చే వారం బిక్షమ్మ ఆమెను దవాఖానకు తీసుకుపోతోంది.

నాగులమ్మ నీకు ఒక మాట చెప్పమంది. "మూట ఆడనే ఉండనియ్యమను, కట్టు విప్పినంక వస్త" అంది.

సెలవు ఇచ్చారు. ఇవ్వకపోయినా వద్దామనుకున్నాను. బిక్షమ్మ బట్టలు సర్దింది. కానీ కాలు కదలడం లేదు. నువ్వు నిజం రాస్తే కుర్చీ కాలు పొట్టి అని రాసినవాణ్ణి. నిన్ను గుళ్లో రైక విప్పేదాకా తెచ్చినవాణ్ణి. ఏ మొహం పెట్టుకుని నీ ముందుకు రావాలి? రమ్మంటే వస్తాను. వద్దన్నా నీ తప్పు లేదు.

ఇస్రాయేలు


నకిరేకల్,
25 ఫిబ్రవరి 1962

నా తమ్ముడికి,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు, పడుకుని రాస్తున్నాను. జంగమ్మ కాగితం కింద పలక పట్టుకుని కూర్చుంది.

నాగులమ్మ సంగతి చదివి చాలాసేపు ఏడ్చాను. జంగమ్మ చెడ్డ వార్త అనుకుని తానూ ఏడ్చింది. కాదే, మంచిదే అని చెప్పి చదివి వినిపిస్తే, "మరి ఏడ్చినదానివి ముందుగాల చెప్పొద్దా" అని కసిరింది. ఇప్పుడు నాలుగిళ్లవాళ్లకు చెప్పి వచ్చింది. నిన్న ఇద్దరు ఆడవాళ్లు వాకిట్లో ఆగి, లోపలికి వచ్చి మంచం పక్కన కూర్చున్నారు.

వెన్నుకు కరెంటు పెట్టించుకుంటాను. నువ్వు తోడు వస్తే పోతాను. ఒక్కదాన్నే మాత్రం ఇక పోలేను. ఆ మాట మొదటిసారే అని ఉండాల్సింది.

ఏ మొహం పెట్టుకుని రావాలని అడిగావు. నీకు ఉన్నది ఒక్కటే కదా, అదే పెట్టుకుని రా. తప్పంతా నీదని రాశావు. సగం నాది కూడా ఉంచు. కోతపండుగ నాడు నువ్వు నిలబడి, గిప్పుడు లేదు అన్నావే, అప్పుడు నేను లేచి కాదని ఒక్క మాట అనవచ్చు. తల ఎందుకు ఊగిందో నాకే తెలియదని నీకు రాశాను. అది పూర్తిగా నిజం కాదురా. నువ్వు అంత గట్టిగా, అంత సంతోషంగా చెప్తుంటే, ఆ కాసేపు నాకు నిజంగానే బాగైపోయినట్టు ఉండింది. డాక్టరు చెప్పినవన్నీ మరచిపోయాను. ఇంకొంచెం సేపు అలాగే ఉండనీ అనిపించి తల ఊపాను. ఇది గుళ్లో చెప్పలేదు, నాగులమ్మకు చెప్పలేదు. రైక విప్పడం కంటే ఇది చెప్పడమే నాకు ఎక్కువ సిగ్గు.

బిక్షమ్మను వెంట తీసుకురా. కట్టు కట్టడం నేర్చుకుంది కదా, దాని చేతికి పని ఉంది. పుండు మొన్న మళ్లీ తెరుచుకుంది.

వాసన వస్తోంది తమ్మీ. ఇల్లంతా వస్తోంది. జంగమ్మ రాదంటుంది గానీ నాకు తెలుసు. ముందే రాస్తున్నాను, ఎందుకంటే గడపలో నీ మొహం మారడం నేను చూడలేను. వాకిట్లో కాసేపు నిలబడు. వాసన అలవాటయ్యాక, మొహం సరిచేసుకుని, అప్పుడు లోపలికి రా.

నీ అక్క
పుష్పమ్మ